వాకిట్లో ఇంకో ఇల్లు

ముప్పై కిలోల కుక్కని విమానంలో తీసుకెళ్ళడం ఇప్పుడు అమెరికాలో దాదాపు కుదరని పని. సీటు కింద సంచిలో పట్టే బుజ్జి కుక్కలకైతే టిక్కెట్టు ఇస్తారు. పెద్దవాటిని సామాన్ల అరలో వేసుకెళ్ళే పద్ధతిని పెద్ద కంపెనీలు చాలావరకు మానేశాయి. మా మిరియం లాబ్రడార్ పోలికలున్న నల్ల కుక్క. ఏ సంచిలోనూ పట్టదు. మా అత్తయ్యగారిది ఇంకోరకం ఇబ్బంది. ఆవిడ ఎక్కడైనా పడుకోగలరు గానీ గుడ్డు తగిలిన గిన్నెలో వండింది ముట్టరు. పిల్లలేమో తలోచోటా ఉన్నారు. పెద్దకొడుకు, అంటే మావారు, డాలస్ పక్కన. రెండో అబ్బాయి న్యూమెక్సికోలో, రియో రాంచోలో. కూతురు కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో.

ఆవిడ అమలాపురం దగ్గర ఊరినుంచి వచ్చింది చుట్టపు చూపుకే అయినా, చేతిలో ఒక పని పెట్టుకుని వచ్చారు. ఊళ్ళో పెంకుటిల్లు అమ్మాలా, ఉంచాలా? ఫోన్లో తేలే సంగతి కాదు, ముగ్గురి మొహాలూ చూసి మాట్లాడాలని పట్టుదల. కుక్క, మడి వంట, ఇంటి తగువు. ఈ మూడూ ఒకే బండిలో పట్టాలంటే ఆ బండికి వంటిల్లు ఉండాలి. అలా అక్టోబరులో మోటార్‌హోమ్ అద్దెకి తీసుకున్నాం.

వీటిలో మూడు తరగతులున్నాయి. బస్సంత ఉండేది క్లాస్ ఏ. వ్యానులో ఇరికించింది క్లాస్ బి. మాది క్లాస్ సి. ముందు ఫోర్డ్ ఈ-450 ట్రక్కు మూతి, వెనక పాతిక అడుగుల పెట్టె, డ్రైవరు నెత్తిమీదికి పొడుచుకొచ్చిన ఒక మంచం. టెక్సాస్‌లో దీన్ని నడపడానికి కారు లైసెన్సే చాలంటారు. చాలకూడదని నా అభిప్రాయం. గ్యాలనుకి ఎనిమిది, తొమ్మిది మైళ్ళు వస్తే గొప్ప. ఎత్తు పన్నెండు అడుగులకి అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఆ అంకె కాగితం మీద రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించారు మావారు. పెట్రోలు బంకు కప్పు కనిపించినా, కాలనీలో చెట్టుకొమ్మ కనిపించినా ముందు ఆ కాగితం కేసి చూసేవారు.

ప్రకటనల్లో మోటార్‌హోమ్ అంటే సూర్యాస్తమయం, రెండు మడత కుర్చీలు, చేతిలో కప్పు. ఆ కుర్చీల దాకా వచ్చేముందు ఎంత పనుంటుందో ఎవరూ చూపించరు. చక్రాల కింద చెక్కలు పెట్టి బండిని సమంగా నిలపాలి, లేకపోతే ఫ్రిజ్ సరిగ్గా పనిచెయ్యదు. కరెంటు తీగ, నీళ్ళ గొట్టం తగిలించాలి. వాడిన నీళ్ళు గ్రే ట్యాంకులోకి, మరుగుదొడ్డివి బ్లాక్ ట్యాంకులోకి పోతాయి. ఖాళీ చేసేటప్పుడు బ్లాక్ ముందు, గ్రే తర్వాత. ఆ సబ్బునీళ్ళతో గొట్టం కడుక్కుపోవాలని ఈ వరస. చేతికి తొడుగులు వేసుకుని పొద్దున్నే ఆ పని చేస్తున్న కొడుకుని చూసి అత్తయ్యగారు మొదటిరోజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇంజినీరింగు చదివించింది ఇందుకా అని.

కానీ ఆ బండి నాడి అందరికన్నా ముందు పట్టుకున్నది ఆవిడే. వేణ్ణీళ్ళ ట్యాంకు ఆరు గ్యాలన్లు. షవరు కింద నిలబడితే నాకు తలమీది సబ్బు పోయేలోపే చన్నీళ్ళు వచ్చేవి. ఆవిడ ఒక చిన్న బకెట్టు, చెంబు పెట్టుకుని స్నానం చేసి, ఇంకో మనిషికి సరిపడా మిగిల్చేవారు. బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు తొలిచేవారు. నూతిలోంచి తోడుకుని బతికిన మనిషికి నీళ్ళ లెక్క ఒకరు నేర్పక్కర్లేదు. మూడో మజిలీ నుంచి నీళ్ళ పెత్తనం ఆవిడదే అయిపోయింది. "ఎందుకమ్మా కుళాయి అలా వదిలేస్తావు" అని నన్నే మందలించడం మొదలెట్టారు.

కుక్కకీ ఆవిడకీ మధ్య ఒక సరిహద్దు ఏర్పడింది. స్టవ్ దగ్గర నేలమీద వేసిన గోనెపట్టా దాటి మిరియం ఇటు రాకూడదు. అది పట్టామీద ముక్కు ఆనించి పడుకునేది గానీ దాటేది కాదు. బండి కదులుతున్నంతసేపూ దానికి ఒంటిపట్టీ వేసి, సీటుబెల్టు కొక్కేనికి తగిలించి కూర్చోబెట్టేవాళ్ళం. ఒక్క గట్టి బ్రేకుకి ముప్పై కిలోల ప్రాణి ఎగిరి ముందుకొస్తే ఏమవుతుందో ఊహించనక్కర్లేదు. అత్తయ్యగారు దాన్ని ఒక్కసారీ ముద్దు చెయ్యలేదు, విసుక్కోనూ లేదు. యాత్ర పొడుగునా అదే పద్ధతి.

డాలస్ నుంచి వాయవ్యంగా 287 రోడ్డు పట్టుకుంటే విచిటా ఫాల్స్ దాటాక రెండు వైపులా పత్తి చేలే. అమెరికాలో పత్తి అత్యధికంగా పండేది టెక్సాస్‌లోనే. కాయలు విచ్చి చేలన్నీ తెల్లగా ఉన్నాయి. మనుషులు మాత్రం ఎక్కడా లేరు. అక్కడక్కడ ఒక పెద్ద యంత్రం, దాని వెనక పసుపుపచ్చ ప్లాస్టిక్ చుట్టిన గుండ్రటి పత్తిమోపులు. "ఏరేవాళ్ళేరీ?" అని రెండుసార్లు అడిగారు అత్తయ్యగారు. ఆ యంత్రాన్ని చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు.

అమరిల్లో దగ్గర పాలో డ్యూరో లోయ అడుగున దిగాం. దిగే రోడ్డు పది శాతం వాలు. చిన్న గేరులో పెట్టి దిగండని బోర్డు ఉంటుంది. ఆర్థికమాంద్యం రోజుల్లో 1930లలో ప్రభుత్వం పనిలోకి తీసుకున్నవాళ్ళు వేసిన రోడ్డది. 1934లో పార్కు తెరిచారు. దేశంలో రెండో అతిపెద్ద లోయ ఇదేనని టెక్సాస్ వాళ్ళు చెప్పుకుంటారు. లోయకన్నా నాకు నచ్చింది దాంట్లో ఉన్న ఏకాంతం. రాత్రి ఫోన్లకి సిగ్నలు సరిగ్గా లేదు. దాంతో పెంకుటింటి గొడవ ఆ రాత్రికి వాయిదా పడింది.

కుక్కతో అమెరికా తిరిగినవాళ్ళలో పేరుపడ్డ రచయిత జాన్ స్టైన్‌బెక్. 1960లో ట్రక్కు మీద గూడు కట్టించుకుని, చార్లీ అనే పూడిల్‌తో దేశం చుట్టి వచ్చాడు. అమరిల్లోలోనే చార్లీకి జబ్బు చేసి పశువైద్యుడి దగ్గర వదలాల్సి వచ్చింది. ఆయన భార్య టెక్సాస్ ఆవిడ కావడంతో ఆ దారిలో చుట్టరికాలు కూడా తప్పలేదు. ఆయన దేశాన్ని వెతుక్కుంటూ బయల్దేరాడట. మేం అంత పెద్ద పని పెట్టుకోలేదు. ఊరి పడమర 1974లో పది కాడిలాక్ కార్లని మూతి కిందికి పెట్టి పొలంలో పాతారు. ఎవరైనా వాటిమీద రంగు చల్లొచ్చు. మావారు చల్లారు. మిరియం తోకకి కాస్త నీలం అంటుకుంది. అంతకు మించి అక్కడ చెప్పుకోవలసిందేమీ లేదు.

అసలు కథంతా రియో రాంచోలో జరిగింది.

తోడికోడలు కింది గదిలో అత్తయ్యగారికి మంచం వేసింది, మేడమీద మాకు గది సర్దింది. మిరియానికి గ్యారేజీ. ఇంట్లో కొత్త కార్పెట్టు, పైగా ఆమెకి చిన్నప్పటినుంచీ కుక్కలంటే భయం. ఆమెని తప్పు పట్టడానికేం లేదు. "మేం బండిలోనే పడుకుంటాంలే, నీకెందుకు శ్రమ" అన్నాను. అంతే, ఆమె మొహం చిన్నబోయింది. "మా ఇంటికొచ్చి వాకిట్లో పడుకుంటావా అక్కా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?" అంది. మర్నాడు పొద్దున్న నేను బండిలోనే కాఫీ కలుపుకు తాగానని తెలిసి మరీ నొచ్చుకుంది. ఫిల్టరు వేసి ఆరింటినుంచి కూర్చుందట.

మన మర్యాదలన్నీ వచ్చే మనిషికి ఏదో ఒకటి కొరవగా ఉంటుందన్న లెక్క మీదే నడుస్తాయి. పడుకోడానికి చోటు, స్నానానికి వేణ్ణీళ్ళు, వేళకి ఇంత అన్నం. ఆ మూడూ వెంటబెట్టుకుని దిగిన చుట్టానికి ఏం చెయ్యాలో మనవాళ్ళకి తెలియదు. చెయ్యనివ్వకపోతే అవమానం, చెయ్యనిస్తే బండి తెచ్చిందెందుకు? అమెరికన్లకి ఈ చిక్కు లేదు. వాళ్ళ తల్లిదండ్రులు రిటైరయ్యాక మోటార్‌హోమ్‌లో పిల్లల వాకిళ్ళకి వచ్చి, భోజనానికి లోపలికెళ్ళి, నిద్రకి బయటికొస్తారు. ఎవరి తలుపు వాళ్ళది. నాకది చల్లగా కనిపించేది ఒకప్పుడు. ఇప్పుడు అందులో తెలివే ఎక్కువుందనిపిస్తోంది. అయినా తోడికోడలి మొహం చూశాక ఆ మాట పైకి అనే ధైర్యం లేకపోయింది.

చిక్కు కాలనీ సంఘమే విప్పింది. వాకిట్లో మోటార్‌హోమ్ రాత్రుళ్ళు నిలపకూడదని నిబంధన. మరునాడే తలుపుకి కాగితం. ఊరి అంచున, మోటార్‌హోమ్‌లు నిలుపుకునే ఆర్‌వీ పార్కుకి మారిపోయాం. మారాక తిరకాసు తిరగబడింది. ఇప్పుడు వాళ్ళు మా ఇంటికి రావాలి. మరిది కుటుంబం సాయంత్రానికి వచ్చేసరికి అత్తయ్యగారు రెండు బర్నర్ల గ్యాసు పొయ్యి మీద పులిహోర, పెసరపచ్చడి చేసి, బల్లమీద కాగితప్పళ్ళాలు పరిచి, చిన్నకోడలికి మొదట వడ్డించారు. అమెరికా వచ్చాక ఆవిడ తన చేత్తో, తన వంటింట్లోంచి కోడలికి పెట్టడం అదే మొదలు. అంతవరకూ ఏ ఇంట్లో ఉన్నా ఆ ఇంటి కోడలి పొయ్యి దగ్గర ఆవిడ అతిథే కదా. పిల్లలిద్దరూ డ్రైవరు నెత్తిమీది మంచం ఎక్కి దిగనన్నారు. తోడికోడలు కుక్క వైపు వీపు పెట్టి కూర్చుని రెండోసారి పులిహోర వేయించుకుంది.

అది పక్కనే ఉన్న ఆల్బుకెర్కీలో బెలూన్ల పండగ రోజులు. 1972లో ఒక షాపింగ్ సెంటరు పార్కింగులో పదమూడు బెలూన్లతో మొదలైంది, ఇప్పుడు వందల్లో ఎగురుతాయి. అక్టోబరు పొద్దుటిపూట ఇక్కడి గాలికో గుణముంది. కింద గాలి ఒక దిక్కుకి వీస్తే, కాస్త పైన దానికి ఎదురు దిక్కుకి వీస్తుంది. బెలూనుని దించుతూ, లేపుతూ నడిపితే బయల్దేరిన చోటికే తిరిగి రావచ్చు. అందుకే ఈ ఊరు బెలూన్లవాళ్ళకి పుణ్యక్షేత్రమైంది. పండగ మైదానంలోకి పెంపుడు జంతువుల్ని రానివ్వరు. మాకా అవసరమూ రాలేదు. తెల్లవారకముందే మా నెత్తిమీదికే వచ్చాయి. దూరంగా ఉంటే చప్పుడే ఉండదు. దగ్గరికొచ్చాక బర్నరు మండించినప్పుడు వచ్చే హోరుకి చుట్టుపక్కల కుక్కలన్నీ ఒక్కసారి అందుకున్నాయి. మా మిరియం మెట్ల కింద దూరి, అక్కణ్ణుంచే ఆకాశాన్ని తిట్టింది.

ఆ గోలలోనే అన్నదమ్ములిద్దరూ మడతకుర్చీల్లో కూర్చుని పెంకుటింటి సంగతి ఎత్తారు. మరిది లెక్కలు వేసుకొచ్చాడు. ఏటా పెంకులు సర్దించడానికి ఇంత, కొబ్బరికాయలు అమ్మితే వచ్చేది ఇంత, ఎవరమూ వెళ్ళి ఉండేది లేదు, అమ్మేద్దాం అన్నాడు. మావారు అమ్మాలనీ అనలేదు, ఉంచాలనీ అనలేదు. ఆయన ఏ విషయంలోనైనా అంతే. అత్తయ్యగారు మెట్టుమీద కూర్చుని బీన్స్ తరుగుతూ విన్నారు. "నేను ఎక్కడ ఉండాలో ఎవరూ చెప్పలేదేం రా?" అని మాత్రం అడిగారు. ఇద్దరూ "మా దగ్గరే" అన్నారు. ఒకేసారి, ఒకే గొంతుతో. ఆవిడ బీన్స్ గిన్నె తీసుకుని లోపలికెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే మిరియం పార్కు కంచె దగ్గర కుంటడం మొదలుపెట్టింది. నేను కాలు పట్టుకుని వెతుకుతుంటే అత్తయ్యగారు గోనెపట్టా అవతలినుంచే చూసి, "పల్లేరుకాయ అది, పక్కనుంచి పట్టి లాగు" అన్నారు. నిజంగా పల్లేరుకాయే. ఇక్కడ దీన్ని మేక తల అంటారు. మధ్యధరా ప్రాంతాల నుంచి వలస వచ్చి న్యూమెక్సికో అంతా పాకిన కలుపు. సైకిలు టైర్లకీ కుక్కల పాదాలకీ యముడు. మన పొలంగట్ల మీద చెప్పుల్లేని కాళ్ళకి గుచ్చుకునే పల్లేరూ ఇదీ ఒకే జాతి, ఆకులోనూ పసుపు పువ్వులోనూ తేడా లేదు. ఇంత దూరం వచ్చి కొడుకు ఊళ్ళో ఆవిడ చప్పున గుర్తుపట్టినది అదొక్కటే.

పడమరగా ఐ-40 మీద గాలి బండిని పక్కకి తోస్తుంది. ట్రక్కు దాటిన ప్రతిసారీ పాతిక అడుగుల పెట్టె ఊగుతుంది, అరల్లో గిన్నెలు మోగుతాయి. దుమ్ము తుఫానొస్తే రోడ్డు దిగి లైట్లార్పమని బోర్డులు. ఈ దేశాన్ని కారులో మొదట అడ్డంగా దాటింది 1903లో హొరేషియో నెల్సన్ జాక్సన్ అనే వైద్యుడు. యాభై డాలర్ల పందెం కోసం శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరి, దారిలో ఐడహోలో బడ్ అనే బుల్‌డాగ్‌ని కొనుక్కుని, 63 రోజులకి న్యూయార్కు చేరాడు. ముందు అద్దంలేని కారు కావడంతో దుమ్ముకి కుక్క కళ్ళు మండుతుంటే దానికీ కళ్ళజోడు పెట్టాడు. మావారు ఇది చెబితే అత్తయ్యగారు, "మరి ఆయనకి చుట్టాలెవరూ లేరా దారిలో? అందుకే అంత తొందరగా చేరాడు" అన్నారు.

జాతీయ ఉద్యానవనాల్లో చాలాచోట్ల కుక్కల్ని కాలిబాటల మీదికి రానివ్వరు. అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ అలా కాదు. చేతిలో పట్టీ ఉంటే తారుబాటల్లో హాయిగా తిప్పొచ్చు. ఇరవై కోట్ల ఏళ్ళకి పైబడ్డ దుంగలు, చెక్క పోయి ఆ చోట స్ఫటికం నిండి, ఇనుము కలిసిన చోట ఎర్రగా, పసుపుగా మెరుస్తూ పడి ఉంటాయి. ముక్క ఎత్తుకెళ్ళడం నేరం. ఎత్తుకెళ్ళినవాళ్ళు కొందరు, ఇంట్లో అన్నీ అరిష్టాలే జరుగుతున్నాయని క్షమాపణ ఉత్తరంతో తిరిగి పంపిస్తారట. ఏ ముక్క ఎక్కడిదో తెలియదు కాబట్టి మళ్ళీ చోట్లో పెట్టలేక ఒకచోట కుప్ప పోస్తారు. శని పోవాలని నువ్వులు దానమిచ్చినట్టు ఉందన్నారు అత్తయ్యగారు. పార్కు మధ్యలో తుప్పుపట్టిన 1932 నాటి స్టూడిబేకర్ కారొకటి, పాత రూట్ 66 ఇటుగా పోయేదని గుర్తుగా పెట్టారు. ఆ రోడ్డు 1926లో పుట్టి 1985లో అధికారికంగా రద్దయింది.

గ్రాండ్ కాన్యన్ గురించి కొత్తగా చెప్పగలిగింది నా దగ్గర లేదు. దక్షిణపు అంచున కుక్కని నడిపించొచ్చు గానీ లోయలోకి దింపకూడదు, పార్కు బస్సుల్లో ఎక్కించకూడదు. అందుకని వంతులు వేసుకున్నాం. ఏడువేల అడుగుల ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీలకే మరిగిపోతాయి, కందిపప్పు ఎంతకీ ఉడకదు. కుక్కరు లేకుండా ఈ దారిలో బయల్దేరే తెలుగువాళ్ళకి నా సానుభూతి. అత్తయ్యగారు అంచున బెంచీ మీద కూర్చుని అరగంట చూశారు. తర్వాత ఎల్క్ మందని చూశారు. ఎక్కువసేపు చూసింది వాటినే.

కాలిఫోర్నియా పొలిమేరలో నీడిల్స్ దగ్గర బళ్ళు ఆపి పళ్ళు, మొక్కలు ఉన్నాయా అని అడుగుతారు. ఇక్కడి గొడవ డాలస్‌లోనే మొదలైంది. ఆడపడుచు మా పెరటి కరివేపాకు మొక్క ఒకటి తెమ్మంది, నేను తేనన్నాను. కరివేపాకు మీద బతికే ఒక చిన్న పురుగు నారింజ, నిమ్మ చెట్లని చంపే తెగులు మోస్తుంది. 2012లో లాస్ ఏంజెలిస్ దగ్గర ఆ తెగులు బయటపడ్డాక రాష్ట్రం మరీ గట్టిగా కాపలా కాస్తోంది. "కూతురికి కరివేపాకు రెమ్మ ఇవ్వడానికి కూడా పోలీసులా" అని అత్తయ్యగారు అలిగి, పొడి కొట్టి పట్టుకొచ్చారు. పొలిమేర దగ్గరి ఉద్యోగి ప్రశ్నలన్నీ మమ్మల్ని అడిగి, మిరియాన్ని పలకరించి పంపేశాడు.

మొజావే ఎడారి, తెహచాపీ కనుమలో గాలిమరలు, ఆ తర్వాత మధ్యలోయ బాదం తోటలు. ఫ్రీమాంట్‌లో ఆడపడుచు కుక్కని నేరుగా సోఫా ఎక్కించింది. అత్తయ్యగారు ఏమీ అనలేదు గానీ ఆ సోఫాలో మాత్రం కూర్చోలేదు. లివర్‌మోర్ శివవిష్ణు ఆలయానికి బండిలోనే వెళ్ళి, పార్కింగులో కుక్క దగ్గర ఒకరు ఉండేలా మళ్ళీ వంతులు. ఆ వంతుల్లో నాకు ఆడపడుచు తోడు. "ఇల్లు అమ్మితే నేను సంతకం పెట్టను వదినా" అని అక్కడే తేల్చేసింది. మరి ఏటా ఎవరు చూస్తారంటే జవాబు లేదు.

తీర్పు అత్తయ్యగారే చెప్పారు, ఆ రాత్రి భోజనాల దగ్గర, ఫోన్లో మరిదిని కూడా కూర్చోబెట్టి. వెనక వైపు దొడ్డి, కొట్టు గదులు అమ్మెయ్యండి. ముందు వసారా, రెండు గదులు, నుయ్యి నాకుంచండి. జనవరికి నన్ను అక్కడికి పంపండి. మీరెవరొచ్చినా ఆ వసారాలో పడుకుంటారు, కాఫీ నేనే ఇస్తాను. మరిది, సగం ఇల్లు ఎవరు కొంటారని వాదించాడు. ఆడపడుచు ఏడ్చింది. మావారు ఇంకొంచెం పప్పు వేయించుకున్నారు.

ఆవిడ కూతురి దగ్గర ఉండిపోయారు. మేం కుక్కతో వచ్చిన దారినే వెనక్కి బయల్దేరి మళ్ళీ రియో రాంచోలో ఆగాం. మరిది ఇంటి విషయంలో ఇంకా మెత్తబడలేదు. కాలనీ సంఘానికి మాత్రం ముందే దరఖాస్తు పెట్టి, వాకిట్లో బండి నిలుపుకోవడానికి అనుమతి కాగితం తెచ్చిపెట్టాడు. తోడికోడలు పొద్దున్నే ఫిల్టరు కాఫీ రెండు గ్లాసుల్లో పోసి బండి తలుపు దాకా వచ్చింది, మిరియం గొలుసు పొడుగెంతో కళ్ళతో కొలుచుకుంటూ.